మొదటి ముద్ద

పిల్లాడు నోరు తెరవలేదు.

చెంచాని ఆమె రైలు చేసింది, పిట్ట చేసింది, చివరికి తనే పిల్లాడైపోయి బతిమాలింది. "ఆఁ... ఆఁ..." అంటూ తన నోరే బార్లా తెరిచింది. వాడిది మాత్రం కుట్టు పూర్తయిన దిండు మూతిలా బిగిసిపోయింది. వెనక వసారా గడప మీద, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుని, వాడు ఆమె వంక చూడనైనా చూడటం లేదు. పక్కకి చూస్తున్నాడు. పక్కనేముంది? కుక్కలు. ఎప్పుడూ ఉండేవే.

"అక్కడేం లేదు నాన్నా, ఇటు చూడు."

చూడలేదు.

గోడవారన మూడు గిన్నెలున్నాయి. మొదటి గిన్నె పెద్దమ్మది. అది నడివయసు ఆడకుక్క; పిల్లాడు వీధిలోకి పరిగెడితే చొక్కా అంచు పళ్ళతో పట్టి వెనక్కి లాక్కొచ్చే బాధ్యత గలది. రెండోది రౌడీది. వాడు పిల్లాడికంటే ఏడాది పెద్ద. చెప్పుల జతల్ని విడదీయడం వాడి వృత్తి. రౌడీకి ఇటు పక్కన గడప, గడప మీద పిల్లాడు. పిల్లాడికి అటు పక్కన బుడంకాయ గిన్నె. వానలు మొదలైనప్పుడు ఎవరో ఫోమ్ ముక్కల సంచిలో పెట్టి వాళ్ళ సోఫాల షాపు ముందు వదిలేసి వెళ్ళిన కుక్కపిల్ల అది. ఇంకా తన తోక తనదేనని నమ్మకం కుదరలేదు దానికి.

నాలుగో గిన్నె, అంటే అన్నిటికంటే ముందుండాల్సిన పెద్ద కుక్క ముసలాయన గిన్నె, నిన్నట్నించి లోపల షాపులో ఉంది. పశువుల డాక్టరు వచ్చి ముసలాయన దవడ పైకెత్తి చూసి, "పళ్ళన్నీ కదులుతున్నాయమ్మా, మెత్తగా చేసి పెట్టండి. మిగతావాటికి దూరంగా పెట్టండి, తొందర లేకుండా తింటుంది" అన్నాడు. చదువుకున్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఆమెకి అలవాటు. ఆ సాయంత్రమే గిన్నె తీసి, కటింగ్ బల్ల కింద, పాత సోఫా దిండు పక్కన పెట్టింది.

ఆమె చూస్తూండగా గిన్నెల్లో తిండి చల్లారిపోతోంది. పెద్దమ్మ గిన్నె ముందు కూర్చుంది కానీ మూతి పెట్టలేదు. రౌడీ కారే చొంగని నాలుకతో లోపలికి లాక్కుంటూ కూర్చున్నాడు. అది చూసి ఆమెకి ఇంకో భయం పట్టుకుంది. ఇవి కూడా తినవేం? అందరికీ ఒకేసారి ఏదైనా సోకిందా? లేకపోతే అత్తగారి మీద బెంగా?

ఆవిడ కూతురి పురిటికని పోయినవారమే వెళ్ళింది. ఈ గిన్నెల వరస పెట్టింది ఆవిడే. ఒకప్పుడు ఇక్కడ రక్తాలు కారేలా కొట్టుకునేవట. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి, పెద్దకి ముందు, చిన్నకి తర్వాత అని నేర్పింది. "మా ఇంట్లో మగాళ్ళకి నేర్పలేకపోయాను, కనీసం వీటికి అబ్బింది" అనేది. ఆవిడా లేదు, గరిటె పట్టుకుని ఎవరూ నిలబడటమూ లేదు. ఆ మర్యాద కూడా ఆవిడ సంచిలోనే వెళ్ళిపోయి ఉంటుందనుకుంది ఆమె.

ఫోను మోగింది. అత్తగారే.

"ముసలాయన ముట్టాడా?"

ముందు ఆ మాటే. రోజూ ముందు ఆ మాటే. మనవడు తిన్నాడా అని కాదు, నువ్వెలా ఉన్నావని కాదు. ఆమెకి చెవి దగ్గర వేడి పుట్టింది.

"ఆఁ, ముట్టాడత్తయ్యా" అంది. అబద్ధం కాదు. ఇందాక షాపులో ముసలాయన గిన్నె అంచు నాకుతూ కనిపించాడు.

"హమ్మయ్య. అయితే ఇంకేం పరవాలేదు" అని పెట్టేసింది ఆవిడ.

పరవాలేదా? ఆమె పిల్లాడి పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. భర్తకి వడ్డించింది. అతను తిని లేచాక పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడి, పిల్లాడు వదిలేసింది, గిన్నె అడుగున మిగిలింది కలిపి నాలుగు ముద్దలు మింగింది. ఏం తిన్నదో ఆమెకే తెలీదు.

పొద్దున వసారాలో మూడు గిన్నెలూ అద్దాల్లా ఉన్నాయి. ఎవరూ చూడనప్పుడు కుక్కలు తినేశాయి. పిల్లాడి పళ్ళెం మాత్రం అలా నాకి పెట్టే నాథుడు లేడు.

*

మిషను ముందు కూర్చుంటే ఆమెకి కొంచెం నెమ్మది. ఆ రోజు ఆరు కుర్చీల దిండ్లకి గలీబులు కుట్టాలి, అంచులకి తాడు పెట్టి మరీ. గుడ్డ మడతలో తాడు దూర్చి, సూది దానికి ఆనీ ఆననట్టు నడపాలి; కాస్త తప్పితే తాడు మీదే కుట్టు పడి అంచు కప్పని మింగిన పాములా ఉబ్బుతుంది. కాళ్ళ కింద తొక్కుడు పలక పక్కనే ముసలాయన పడుకుంటాడు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అంతే. మిషను ఆగితే తల ఎత్తుతాడు, నడిస్తే దించుతాడు. చెవులు వినబడవు. అయినా నేలలో అదురు తెలుస్తుంది కాబోలు.

అవతల ఆమె భర్త సోఫా చట్రం మీద గోనెపట్టా లాగి మేకులు కొడుతున్నాడు. మేకులన్నీ నోట్లో పోసుకుని ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుంటాడు. ఆ సమయంలో అతన్ని ఏం అడిగినా "ఊఁ", "ఉఁహుఁ" రెండే జవాబులు. ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ ఆమె సరిగ్గా అప్పుడే అడుగుతుందని అతని ఫిర్యాదు.

మామూలు రోజుల్లో ఈ వేళకి ఇల్లు చూడముచ్చటగా ఉండేది. రౌడీ ఒక ఫోమ్ ముక్క ఎత్తుకుపోవడం, పిల్లాడు వాడి వెంటపడటం, పిల్లాడి వెంట బుడంకాయ, ఈ ముగ్గురూ ఎక్కడ కొంప ముంచుతారోనని పెద్దమ్మ. నలుగురూ కటింగ్ బల్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ముసలాయన మీద పడేవాళ్ళు. ఆయన కళ్ళు తెరవకుండానే ఒక్క నిట్టూర్పు విడిచేవాడు, పింఛను తీసుకునే పెద్దమనిషిలా. ఆమె నవ్వి నవ్వి దారం తెంపుకునేది. పుట్టింట్లో ఎవరైనా "నాలుగు కుక్కల మధ్య ఎలా ఉంటున్నావే తల్లీ?" అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. బాగుంటుంది. అంతే.

ఈరోజు పిల్లాడు పరిగెత్తలేదు. ఫోమ్ పెట్టెలో కూర్చుని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

లాండ్రీ అక్క ఎదురుషాపు నుంచి వచ్చింది, చేతిలో ఇస్త్రీ చేసిన సోఫా కవర్లు. "ఏం పిల్లా, మొహం అలా పీక్కుపోయింది? వాడికి ఒంట్లో బాలేదా, నీకా?"

"తినట్లేదక్కా. మూతి దగ్గరకి తీసుకెళ్తే తల తిప్పేస్తాడు."

"ఎలా తింటాడు? అడుగడుక్కీ ఓ కుక్క. వాటి వెంట్రుకలు కడుపులోకి పోతే ఆకలేస్తుందా? మా అక్క కొడుకుకి ఇలాగే..." అని ఆగి, పిల్లాడి మొహం చూసి, "చెప్పకూడదులే" అంది.

చెప్పకూడనిది ఏమిటో చెబితే బాగుండేది. చెప్పకపోవడం వల్ల ఆమె మనసు దాన్ని వెయ్యి రకాలుగా చెప్పుకుంది.

మధ్యాహ్నం మిషను ఆపేసి పిల్లాణ్ణి ఎత్తుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళింది. డాక్టరమ్మ వాడి కడుపు మీద వేళ్ళతో తట్టింది, నాలుక చూసింది, తూకం మీద కూర్చోబెట్టింది.

"కాస్త తగ్గాడు. కంగారుపడే అంత కాదు. ఇంట్లో జంతువులున్నాయా?"

"కుక్కలండీ."

"ఎన్ని?"

"నాలుగు."

డాక్టరమ్మ కలం ఆగింది. ఆగిందో లేక సిరా ఆరిందో ఆమెకి అర్థం కాలేదు.

"వాటి వల్లేనాండీ?"

"అలా అనలేదమ్మా. నులిపురుగుల మందు రాస్తున్నాను. వాటి గిన్నెలకి దూరంగా ఉంచి తినిపించు. చేతులు కడుగు."

"అంటే వాటి వల్ల కాదా?"

"కాదని కూడా అనలేదు కదా!" అని నవ్వింది డాక్టరమ్మ, తర్వాతి పిల్లని పిలుస్తూ.

దారి పొడుగునా ఆమె ఆ రెండు మాటల్నీ రెండు చేతుల సంచుల్లా మోసుకొచ్చింది. అలా అనలేదు. కాదని అనలేదు. ఏది బరువో తెలీలేదు.

ఆ సాయంత్రం పిల్లాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి తలుపు వేసింది. వాడు తలుపు దగ్గరికి పాకి, కింద సందులోంచి వసారాలోకి చూస్తూ బోర్లా పడుకున్నాడు. అవతల నుంచి బుడంకాయ ముక్కు ఆ సందులో కనిపించింది. చెంచా వాడి చెవికి తగిలింది, చెంపకి తగిలింది, నోటికి మాత్రం తగల్లేదు. చివరికి పాలసీసా ఇస్తే సగం తాగి నిద్రపోయాడు.

*

మర్నాటికి ఆమె ఎవరినీ నమ్మలేని స్థితికి వచ్చింది. రౌడీ గోక్కుంటే పురుగులనుకుంది. పెద్దమ్మ తుమ్మితే జబ్బనుకుంది. కొత్తగా తెచ్చిన ఫోమ్ అతికించే సొల్యూషన్ డబ్బా వాసన చూసి, ఇదే అయుంటుందని దాన్ని వీధి అరుగు మీద పెట్టింది. భర్త అరగంట వెతుక్కున్నాడు. పిల్లాడు రౌడీ మెడ కౌగిలించుకుని కూర్చుంటే గభాలున లాగేసింది. రౌడీని వసారా స్తంభానికి కట్టేసింది. వాడు కట్టుతాడు కేసీ, ఆమె కేసీ చూశాడు. చెప్పులేవీ కొరకలేదే అన్నట్టుంది ఆ చూపు. అసలు ఆ రోజు ఏమీ కొరకలేదు కూడా.

పెద్దమ్మ వచ్చి కట్టేసిన తాడు పక్కనే పడుకుంది. చెయ్యని తప్పుకి సాక్ష్యం చెప్పడానికి వచ్చినదానిలా.

"ఏవండీ" అంది ఆమె షాపులోకి వెళ్ళి.

"ఊఁ."

"పొద్దున్నే చెప్పాను కదా, ఏదో ఒకటి చెయ్యండి."

అతను మేకులు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. "గోడౌన్ ఆయన్ని అడిగాను. కాపలాకి ఆయనకి రెండు కావాలట. పెద్దమ్మనీ రౌడీనీ రేపు పట్టుకెళ్తానన్నాడు. ముసలాయన్ని ఎవరూ తీసుకోరు, బుడంకాయ ఎవరికీ పనికి రాదు."

ఆమె నిలబడిపోయింది. "నేను పంపెయ్యమన్నానా?"

"ఏదో ఒకటి చెయ్యమన్నావు."

"ఏదో ఒకటి అంటే ఇదా?"

"మరేది? పొద్దుట్నించీ కుక్కలు, కుక్కలు, కుక్కలు. డాక్టరమ్మ చెప్పిందన్నావు. లాండ్రీ అక్క చెప్పిందన్నావు. నాకు మాత్రం సరదానా? రౌడీగాడు నా చేతుల్లో పెరిగాడు." అతను సుత్తి తీసుకుని, కొట్టడానికి మేకు లేదని చూసుకుని, మళ్ళీ కింద పెట్టాడు. "వాడు తింటే చాలు నాకు. కుక్కలా పిల్లాడా అంటే నేనేం చెప్పను, నువ్వే చెప్పు."

దానికి జవాబు ఒక్కటే. అది ఆమెకీ తెలుసు. పిల్లాడి ఒళ్ళు పట్టి చూస్తే పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. నిన్న తగిలాయో లేదో గుర్తు రావడం లేదు. కుక్కల్ని పంపితే వాడు తింటాడా? అవి పోయాక కూడా తినకపోతే? అప్పుడు ఎవర్ని పంపాలి?

సాయంత్రం ఫోన్లో అత్తగారు "ముసలాయన ముట్టాడా?" అంది.

"మీ ముసలాయన బాగానే ఉన్నాడు" అంది ఆమె, 'మీ' అనే మాటని కాస్త నొక్కి. పిల్లాడి సంగతి చెప్పలేదు. పురిటింట్లో ఉన్న మనిషిని కంగారు పెట్టకూడదనా, పంతమా, తేల్చుకోలేకపోయింది.

*

గోడౌన్ ఆయన ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తని గొంతు. చేతిలో రెండు కొత్త తాళ్ళు.

"ఏవమ్మా చెల్లెమ్మా, సిద్ధమేనా?"

"కూర్చోండన్నా. తిన్నాక తీసుకెళ్ళండి."

"నేను తినే వచ్చాను తల్లీ."

"మీరు కాదు. అవి."

ఆయన నవ్వాడు. "అక్కడా పెడతాంలే."

"ఇక్కడిది ఇక్కడ తినే వెళ్ళాలి" అంది ఆమె. ఎందుకన్నదో తెలీదు. ఆఖరిపూట కాబట్టి డాక్టరమ్మ మాట పక్కనపెట్టి వంటింటి తలుపు తెరిచే ఉంచింది. రౌడీ కట్టు విప్పింది. పిల్లాడు పళ్ళెం పట్టుకుని తడబడుతూ వచ్చి తన గడప మీద కూర్చున్నాడు. ఆమె గిన్నెలు తెచ్చి పెట్టింది: పెద్దమ్మది, రౌడీది, బుడంకాయది.

అప్పుడు షాపులోంచి గోళ్ళ చప్పుడు వినిపించింది. ముసలాయన. గోడకి భుజం ఆనించుకుంటూ, మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, వసారాలోకి వచ్చాడు. పెద్దమ్మకి ముందు, తన పాత చోట్లో, నేల వాసన చూశాడు. గిన్నె లేదు. అయినా అక్కడే కూర్చున్నాడు. గిన్నె లేని చోట, గిన్నె ఉన్నట్టే, మెడ వంచి.

"అయ్యో, నీది లోపలుంది కదయ్యా" అంటూ ఆమె పరిగెత్తి మెత్తగా పిసికిన గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ముసలాయన వాసన చూశాడు. నాలుక ముంచాడు. ఒక ముద్ద నోట్లోకి తీసుకుని, కదిలే పళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి, మింగాడు.

పెద్దమ్మ మూతి పెట్టింది.

రౌడీ మూతి పెట్టాడు.

పిల్లాడు పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. పిడికెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు. నమిలాడు. ఇంకో పిడికెడు తీశాడు. అప్పుడు బుడంకాయ నాలుగు కాళ్ళతో సహా గిన్నెలోకి దిగింది.

ఆమె చేతిలో చెంచా అలాగే ఉంది.

ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చింది. ఇన్ని పూటలు వాడు పక్కకి చూసింది రౌడీని. రౌడీ చూసింది పెద్దమ్మని. పెద్దమ్మ చూసింది ఆ ఖాళీ చోటుని. దారానికి ముడి వెయ్యకుండా కుట్టుకుంటూ పోయినట్టు, మొదట్లో ఒక్కటి వదిలేసింది తను. చివరిదాకా అంతా ఊడివచ్చింది. వాడికి జబ్బు లేదు, బెంగ లేదు. వాడు వరసలో ఉన్నాడు. రౌడీకి తమ్ముడు, బుడంకాయకి అన్న. వాడి వంతు రాలేదు, అంతే.

"ఏవండీ!" అని అరిచింది.

అతను మేకుల నోటితోనే పరిగెత్తుకొచ్చాడు. పిల్లాడు ముక్కుదాకా పూసుకుని తింటున్నాడు. అతను "ఊఁ?" అన్నాడు, "ఊఁహూఁ!" అన్నాడు, ఇంకేదో అనబోయి మేకులు గుర్తొచ్చి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు మాత్రం మేకులతో సంబంధం లేకుండా వచ్చాయి.

"ఇదేం సర్కస్ చెల్లెమ్మా?" అన్నాడు గోడౌన్ ఆయన తాళ్ళు పట్టుకుని.

"అన్నా, మీరు తప్పుగా అనుకోకండి. ఇవి రావు."

"అదేంటి! ట్రాలీ తెచ్చుకున్నాను కదా?"

"ట్రాలీలో మంచి ఫోమ్ ముక్కలు వేసిస్తాం. పడుకోండి హాయిగా, మీరే కాపలా కాయొచ్చు" అంది. ఇన్ని రోజుల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి వెటకారం అది. ఆయన కూడా నవ్వేశాడు.

*

అంతా తెలిసిపోయిందనుకుంది. మర్నాడు పాడుకుంటూ గిన్నెలు పెట్టింది, నాలుగూ వరసగా, ముసలాయనది అన్నిటికంటే ముందు. పిల్లాడు తన పళ్ళెంతో గడప ఎక్కాడు.

ముసలాయన వచ్చాడు. కూర్చోలేదు. పడుకుని గిన్నె అంచు మీద గడ్డం ఆనించాడు. వాసన కూడా చూడలేదు.

ఆమె వేలితో కొంచెం తీసి మూతికి రాసింది. నాకలేదు. ముద్ద చేసి పెదవి పక్కనించి పెట్టబోయింది. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. అచ్చం పిల్లాడిలా, అదే మెల్లగా, అదే మొండిగా. పశువుల డాక్టరుకి ఫోను చేస్తే, "వయసమ్మా. సాయంత్రం వచ్చి నొప్పికి సూది వేస్తాను. బలవంతం మాత్రం పెట్టకు" అన్నాడు.

వరస ఆగిపోయింది. పెద్దమ్మ ముసలాయన్ని చూస్తోంది. రౌడీ పెద్దమ్మని. పిల్లాడు చెయ్యి పళ్ళెం అంచు మీద పెట్టుకుని రౌడీని. ఆమె "తిను పెద్దమ్మా, నువ్వే కదే ఇప్పుడు పెద్దదానివి" అని గిన్నె దగ్గరికి జరిపింది. పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. నాకొద్దమ్మా ఆ పెద్దరికం, అన్నట్టు.

ఫోను మోగింది.

"ముసలాయన ముట్టాడా?"

"లేదత్తయ్యా." ఈసారి ఆమె గొంతులో పంతం లేదు. "అసలు ముట్టట్లేదు. తల తిప్పేస్తున్నాడు."

అవతల చంటిపిల్ల ఏడుపు దూరంగా.

"అయితే ఎవరూ తినుండరు" అంది అత్తగారు.

"మీకు తెలుసా?"

"తెలీకేం. ఆయన ముడితే ఇల్లంతా తిన్నట్టే. అందుకేగా రోజూ అదొక్కటే అడిగేది. ఊరికే ఫోను బిల్లు ఎందుకని."

ఆమెకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "పిల్లాడు కూడా అత్తయ్యా. వాడు కూడా వరసలో కూర్చున్నాడు."

"వాడూనా!" ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు తిన్నావా?"

ఆ మాట ఎటునుంచి వచ్చిందో తెలియనట్టు ఆమె వెనక్కి చూసింది. "ఆఁ, తర్వాత తింటాలెండి" అంది అలవాటుగా. ఫోను పెట్టేశాక కూడా ఆ ప్రశ్న చెవిలోనే ఉండిపోయింది. నిన్న ఏం తిన్నది? మొన్న? ఎంత తలచుకున్నా పొయ్యి గట్టే గుర్తొచ్చింది కానీ తిండి గుర్తు రాలేదు.

చేతిలో ముద్ద ఉంది, పిల్లాడి పళ్ళెంలోది. వాడికి పెడదామని కలిపింది. వాడు తినడు. పారెయ్యలేక, నిలబడే తన నోట్లో వేసుకుంది.

పెద్దమ్మ చెవులు లేచాయి.

రౌడీ తల తిరిగింది. పిల్లాడి తల తిరిగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ముసలాయన కూడా ఒక్క కన్ను తెరిచాడు. పెద్దమ్మ మూతి గిన్నె వైపు సగం దూరం వంచి, ఆగింది. ఆమె నిలబడే ఉంది కదా. నిలబడిన మనిషి ఎప్పుడూ ఎటో వెళ్ళిపోతుంది.

ఆమె ఏదో తప్పు చెయ్యబోతున్నట్టు వీధి గుమ్మం కేసి చూసింది. వంటింట్లోకి వెళ్ళి కంచం తీసుకుంది. గిన్నె మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. పైపైన అన్నం ఇలా పూలలా పొడిపొడిగా ఉంటుందన్నమాట. ఎన్నేళ్ళుగానో వండుతోంది, తన కంచంలోకి వచ్చేది మాత్రం ఎప్పుడూ అడుగే. పైనది రెండు గరిటెలు వడ్డించుకుంది. వసారాలోకి వచ్చి, వరసకి మొదట్లో, ముసలాయన పక్కన, గోడకి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. ముసలాయన గడ్డం గిన్నె మీద నించి తీసి ఆమె పాదం మీద పెట్టాడు.

షాపులోంచి భర్త వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ. "ఆకలేస్తోంది, పెట్టు..." అని గుమ్మంలో ఆగిపోయాడు. భార్య కంచం ముందు కూర్చుని ఉంది. పక్కన ముసలాయన, ఆ పక్కన పెద్దమ్మ, రౌడీ, తన కొడుకు, బుడంకాయ. ఎవరూ కదలట్లేదు.

"మరి నేను?" అన్నాడు, పిల్లాడి గొంతులాంటి గొంతుతో.

ఆమె లేవబోయింది. సగం లేచింది కూడా. ఆమె మోకాలు లేస్తూండగా పెద్దమ్మ మూతి గిన్నెకి దూరంగా జరిగింది, పిల్లాడి చెయ్యి పళ్ళెంలోంచి వెనక్కి వచ్చింది. ఆమె మళ్ళీ కూర్చుంది.

"కంచం తెచ్చుకోండి" అంది. "బుడంకాయ తర్వాత మీరు."

అతను ఆమె వంక చూశాడు, వరస వంక చూశాడు. వెళ్ళి కంచం తెచ్చుకున్నాడు. గోడవారన అందర్నీ దాటుకుంటూ, తోకలు తొక్కకుండా కాళ్ళెత్తి వేస్తూ, చివరికి వెళ్ళి కుక్కపిల్ల పక్కన కూర్చున్నాడు.

ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది, నాలుక చురుక్కుమంది. ఇంతమంది చూస్తూండగా ఎలా నమలాలో తెలీలేదు. కంగారుగా మింగబోయి, వాళ్ళు ఆగుతారని గుర్తొచ్చి, మెల్లగా నమిలింది. ఆమె మింగేదాకా అందరూ ఆగారు.

పెద్దమ్మ మూతి పెట్టింది. రౌడీ పెట్టాడు. పిల్లాడు పిడికిలి నింపుకున్నాడు. బుడంకాయ గిన్నెలో పడింది. అటు చివర కంచం కిందపెట్టిన చప్పుడైంది.

ఇది సరైనదో కాదో, రేపు కూడా ఇలాగే కూర్చోవాలో, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో ఆమెకి తోచలేదు. పాదం మీద ముసలాయన ఊపిరి వెచ్చగా వచ్చిపోతోంది. వాళ్ళు ఇంకా తింటున్నారు. అందుకని ఆమె రెండో ముద్ద కలుపుకుంది.